కంట్లో ఇన్ఫెక్షన్ లేదు, చేతిలో యాంటీబయాటిక్

రిలీజ్ టైములో మూడు వారాలపాటు రోజుకి పద్నాలుగు గంటలు మానిటర్ చూస్తే కళ్ళు మండటం మామూలే అనుకుంటాం కదా. నేనూ అలాగే అనుకుని, మందుల షాపులో దొరికే చుక్కలేవో వేసుకుంటూ ఐదారు నెలలు నెట్టుకొచ్చాను. పొద్దున్న లేచేసరికి రెప్పలు అంటుకుపోయి ఉండేవి. కళ్ళల్లో ఇసుక పోసినట్టు ఉండేది. సాయంత్రానికి స్క్రీన్ మీద అక్షరాలన్నీ మసక. రెప్ప కొడితే స్పష్టం, రెండు సెకన్లకి మళ్ళీ మసక. చివరికి సెమికోలన్‌కీ కోలన్‌కీ తేడా కనపడక ఒక పూటంతా ఒకే లైన్ దగ్గర పోగొట్టుకున్నాక, ఇక లాభం లేదని డాక్టర్ దగ్గరికి వెళ్ళాను.

ఆయన రెప్ప అంచుని వేలితో నొక్కి చూసి "మీ కంట్లో నీళ్ళు బాగానే ఉన్నాయి, నూనె రావట్లేదు" అన్నారు. కంట్లో నూనేంటండీ అన్నాను. నవ్వి, వేడినీళ్ళలో ముంచిన గుడ్డతో కాపడం పెట్టుకోమన్నారు. దాంతోపాటు ఆరు వారాలకి డాక్సీసైక్లిన్ రాశారు. ఇన్ఫెక్షనా అని అడిగితే "అబ్బే, అలాంటిదేం లేదు" అన్నారు. బయట ఇంకో పదిహేనుమంది కూర్చుని ఉన్నారు, అంతకన్నా అడగడానికి మొహమాటం.

ఆ రాత్రి అమ్మకి ఫోన్లో చెబితే ఒకటే ప్రశ్న వేసింది. "ఇన్ఫెక్షన్ లేకపోతే యాంటీబయాటిక్ ఎందుకురా?"

నా దగ్గర సమాధానం లేదు. దాన్ని పట్టుకుని వెతుకుతూ పోతే దాదాపు మూడువందల అరవై ఏళ్ళ కథ తగిలింది. మధ్యలో మన భీమవరం కూడా తగిలింది. అందుకే ఈ టపా.

ముందు ఆ నూనె సంగతి. అద్దం ముందు నిలబడి కింది రెప్పని కొంచెం లాగి చూడండి. వెంట్రుకల వరసకి లోపలివైపు, అంచు మీద, సూదితో పొడిచినట్టు చిన్న చిన్న చుక్కలు ఒకే వరసలో కనిపిస్తాయి. పై రెప్పలో ముప్ఫై దాకా, కింది రెప్పలో పాతిక దాకా ఉంటాయి. ఒక్కో చుక్క ఒక నూనె గ్రంథి మూతి. రెప్ప కొట్టిన ప్రతిసారీ కాస్త నూనె బయటికొచ్చి కన్నీటి మీద పలచగా పరుచుకుంటుంది, పప్పుచారు మీద నెయ్యి తేలినట్టు. ఆ పొర లేకపోతే కింద ఉన్న నీళ్ళు ఆవిరైపోతాయి. స్క్రీన్ చూసేటప్పుడు మనం రెప్ప కొట్టడం బాగా తగ్గిస్తాం, కొట్టినా సగం సగమే. అంటే నూనె పిండే పనే సరిగ్గా జరగదు. మన వృత్తికీ ఈ జబ్బుకీ ఉన్న చుట్టరికం అదీ.

ఈ గ్రంథుల్ని వివరంగా రాసినవాడు జర్మనీలోని హెల్మ్‌ష్టెట్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన హైన్రిష్ మెయిబోమ్. 1666లో లాంగెలాట్ అనే మరో వైద్యుడికి ఒక లేఖ రూపంలో దీన్ని అచ్చేశాడు. అప్పటికి ఆయనకి అటూ ఇటూగా 28 ఏళ్ళు. (ఆ వయసులో నేను స్టేటస్ రిపోర్టులు పంపుతున్నాను.) అంతకు చాలా ముందే గాలెన్ రాతల్లో వీటి ప్రస్తావన ఉందంటారు గానీ పేరు మాత్రం మెయిబోమ్‌కే దక్కింది, మెయిబోమియన్ గ్రంథులు అని. లీవెన్‌హుక్ బాక్టీరియాని చూడటానికి ఇంకా పదేళ్ళు ఉంది. అంటే కనురెప్ప నూనె గొట్టాలు మనిషికి తెలిసింది సూక్ష్మజీవుల కంటే ముందు. తర్వాత రెండొందల ఏళ్ళు వీటిలో ఏముందో, ఎందుకుందో పట్టించుకున్నవాళ్ళు తక్కువ. కంటికురుపు వస్తే కోయడం, అంతే.

ఈలోగా కథ ఇంకో దారిలో నడిచింది, వంటనూనె, సబ్బుల దారిలో. ఫ్రాన్స్‌లో షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త సబ్బు ఎలా తయారవుతుందో చూస్తూ, కొవ్వు అనేది గ్లిజరిన్, కొవ్వు ఆమ్లాలు కలిసిన పదార్థమని తేల్చాడు. ఆయన పుస్తకం 1823లో వచ్చింది. (ఆ పెద్దాయన 102 ఏళ్ళు బతికాడు.) అక్కడే, 1840ల చివర్లో, క్లాడ్ బెర్నార్డ్ కుందేళ్ళని కోసి చూస్తూ ఒకటి గమనించాడు. కుందేలులో క్లోమం నుంచి వచ్చే గొట్టం పేగులో చాలా కిందికి కలుస్తుంది. కొవ్వు తిన్న కుందేలులో ఆ గొట్టం కలిసిన చోటు తర్వాతే పేగు పక్కన ఉన్న నాళాలు పాలలా తెల్లబడుతున్నాయి. అంటే కొవ్వుని విడగొట్టేది క్లోమరసంలోనే ఉంది. దాన్నే ఇప్పుడు లైపేజ్ అంటున్నాం. ఎంజైమ్ అనే మాట పుట్టింది 1877లో, జర్మన్ శరీరశాస్త్రవేత్త క్యూనె పెట్టిన పేరు.

ఈ లైపేజ్‌ని గుర్తుపెట్టుకోండి, తిరిగి వస్తుంది.

కన్నీటిలో ఎంజైమ్ అనగానే వైద్య విద్యార్థులకి గుర్తొచ్చేది మాత్రం వేరే. 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ లైసోజైమ్ గురించి రాశాడు. కన్నీళ్ళ కోసం ల్యాబులో వాళ్ళ కళ్ళల్లో నిమ్మరసం పిండి ఏడిపించేవాడట. పెన్సిలిన్‌కి ఆరేళ్ళ ముందు సంగతి ఇది. లైసోజైమ్ కొన్ని బాక్టీరియాల గోడల్ని కరిగించేస్తుంది. అంటే మంచి ఎంజైమ్, మన పక్షం. కంటి గురించి ఆలోచించే తీరు మీద దీని ప్రభావం చాలా ఉందని నా అనుమానం. ఒకపక్క క్రిములు, రెండోపక్క వాటిని చంపే మనవాళ్ళు. కన్నీళ్ళంటే యుద్ధరంగం. ఈ చిత్రం పూర్తిగా తప్పు కాదు గానీ, రెప్ప అంచు మీద జరిగేది ఇందులో ఇమడదు.

రెప్పల్ని నొక్కి చూసి, లోపలినుంచి టూత్‌పేస్టులా చిక్కటిది వస్తోందని, దీర్ఘకాలం కళ్ళు ఎర్రబడటానికి ఇదే కారణం కావచ్చని 1908లో ఎల్ష్నిగ్, 1921లో గిఫర్డ్ రాశారు. ఆ తర్వాత చాలాకాలం పెద్దగా కదలిక లేదు. 1977లో అమెరికాలో మెకలీ, షియాలిస్ అనే ఇద్దరు ఈ గ్రంథుల చుట్టూ తిరిగే కంటి జబ్బుని విడిగా వర్ణించారు. 1980లో కార్బ్, హెన్రికెజ్ కాంటాక్ట్ లెన్సులు పడనివాళ్ళని పరిశీలించి, గొట్టాల మూతులు రాలిన చర్మ కణాలతో బిరడా వేసినట్టు మూసుకుపోయి ఉన్నాయని చూపించారు. ఇప్పుడు డాక్టర్లు ఎంజీడీ అని పిలిచే మాట అప్పుడు వాడుకలోకి వచ్చిందే. మరుసటి ఏడాది నికొలైడిస్ ఆ నూనెకి మెయిబమ్ అని పేరు పెట్టాడు. నూనె అంటున్నాను గానీ అది ఎక్కువభాగం మైనం, కొలెస్టరాల్ ఎస్టర్లు. రెప్ప వేడికి కరిగీ కరగనట్టు ఉంటుంది. చలికాలంలో కొబ్బరినూనె సీసా పొద్దున్న ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉంటుంది చూడండి, ఆ రెండిటి మధ్య అంచు మీద నడుస్తుంటుందన్నమాట. ఎంజీడీ ఉన్నవాళ్ళలో అది కరగడానికి ఇంకొన్ని డిగ్రీలు ఎక్కువ వేడి కావాలి.

ఇక్కడే లైపేజ్ మళ్ళీ రంగంలోకి వస్తుంది. డాలస్‌లో మెకలీ, డోహర్టీ కలిసి రెప్పల జబ్బు ఉన్నవాళ్ళ దగ్గరా, లేనివాళ్ళ దగ్గరా రెప్పల మీది బాక్టీరియాని పెంచి చూశారు. చిక్కేమిటంటే, స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ లాంటివి అందరి రెప్పల మీదా ఉంటాయి, జబ్బు ఉన్నా లేకపోయినా. ప్రతి సర్వర్ లాగ్‌లోనూ కనపడే వార్నింగ్‌ని పట్టుకుని ఇదే బగ్ అనలేం కదా. వాళ్ళు అడిగిన ప్రశ్న బాగుంది. ఏ బాక్టీరియా ఉంది అని కాకుండా, అది ఏం చేస్తోంది అని. 1986లో అచ్చైన పరిశోధనలో, ఆ బాక్టీరియా వదిలే లైపేజ్‌లు మైనాన్నీ కొలెస్టరాల్ ఎస్టర్లనీ విడగొట్టగలవా అని ఒక్కోదాన్నీ పరీక్షించారు. ఒకే జాతి పేరున్నా అన్నీ ఒకలా లేవు, కొన్నిటికి ఆ శక్తి ఉంది, కొన్నిటికి లేదు.

మైనం విడిపోతే ఏమవుతుంది? కొవ్వు ఆమ్లాలు విడిగా బయటపడతాయి. అవి కంటిని మండిస్తాయి, నూనె పొర నిలకడ చెడుతుంది. కన్నీటికి కొంచెం క్షార గుణం ఉంటుంది. కొవ్వు ఆమ్లమూ క్షారమూ కలిస్తే వచ్చేది షెవ్రోల్ నాటి నుంచి తెలిసిందే, సబ్బు. ఎంజీడీ ముదిరిన కొందరి రెప్ప అంచున, కంటి మూలల్లో తెల్లటి నురుగు కనపడుతుంది. నిజంగా సబ్బు నురుగే అన్నమాట! నాకు అంతదాకా రాలేదు గానీ, చదివినరోజు మొహం కడుక్కుంటూ అద్దంలో చాలాసేపు వెతుక్కున్నాను :)

ఇదే బృందం 1991లో చేసినదే అమ్మ ప్రశ్నకి మొదటి సమాధానం. బాక్టీరియాకి టెట్రాసైక్లిన్ ఇచ్చారు, చంపేంత కాదు, కాస్త. ఎపిడెర్మిడిస్ పెరుగుదల అంతగా తగ్గలేదు, లైపేజ్ తయారీ మాత్రం బాగా పడిపోయింది. ఆ మందుకి లొంగని రకాల్లో కూడా! అంటే మందు వాటిని చంపట్లేదు, వాటి చేతిలో పనిముట్టు లాగేస్తోంది.

టెట్రాసైక్లిన్ పేరు వచ్చింది కాబట్టి భీమవరం దారి. ఈ మందుల కుటుంబంలో మొట్టమొదటిది ఆరియోమైసిన్. 1945లో బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త, విశ్వవిద్యాలయంలో రిటైరయ్యాక డెబ్బై దాటిన వయసులో, మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలం నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవిని పట్టాడు. 1948లో మందుగా ప్రకటించారు. ఆ పని జరిగింది లెడర్లీ కంపెనీలో, అక్కడ పరిశోధన మొత్తానికి డైరెక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, 1923లో అమెరికా వెళ్ళినాయన. ఆరియోమైసిన్ సుబ్బారావుగారే కనిపెట్టారని ఫార్వర్డ్ మెసేజుల్లో తిరుగుతుంటుంది. అది నిజం కాదు. కనిపెట్టింది డగ్గర్. కానీ అలాంటి వేట పెట్టించి, డెబ్బై ఏళ్ళు దాటినాయన్ని ఆ పనిలో ఉంచి, నడిపించిన బృందానికి పెద్ద సుబ్బారావుగారు. ఆ మాత్రం చెప్పుకుంటే చాలు, అబద్ధం కలపక్కర్లేదు. మందు ప్రకటించిన ఆ 1948లోనే, ఆగస్టులో, 53 ఏళ్ళకి ఆయన పోయారు. డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలో తర్వాతి తరం, ఫైజర్ కంపెనీది, 1967లో అమెరికాలో అనుమతి వచ్చింది. నా బల్ల మీదున్న క్యాప్సూల్ వంశవృక్షం ఇదీ.

అయితే కథ బాక్టీరియా లైపేజ్‌తో అయిపోలేదు, రెండో పాయ కప్పలనుంచి వచ్చింది. తోకకప్పకి కాళ్ళు వచ్చాక తోక ఎటు పోతుంది? రాలిపోదు, కరిగిపోతుంది. తోకలో ఉండే కొలాజెన్ చాలా గట్టి పదార్థం, ఊరికే కరగదు. 1962లో జెరోమ్ గ్రాస్, చార్లెస్ లాపియేర్ ఆ తోక ముక్కల్ని కొలాజెన్ పొర మీద పెట్టి చూస్తే ముక్క చుట్టూ పొర కరిగిపోయింది. కొలాజెన్‌ని కోసే ఎంజైమ్‌ని జంతు కణజాలంలో అలా పట్టుకున్నారు. ఆ తర్వాత అదే తరహావి చాలా బయటపడ్డాయి. వాటి మొత్తం కుటుంబాన్ని ఎంఎంపీలు అంటారు. ఇవి మన సొంత ఎంజైములు. గాయం మానడానికి కావాలి, హద్దు దాటితే మన కణజాలాన్నే తినేస్తాయి.

పళ్ళ డాక్టర్లు ఇక్కడ ప్రవేశిస్తారు. చిగుళ్ళ జబ్బులో చిగురుని తినేసేది చాలావరకు ఈ ఎంజైములే. న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్‌లో లోర్న్ గోలబ్ బృందం 1983లో మధుమేహం ఉన్న ఎలుకలకి మినోసైక్లిన్ (ఇదీ ఆ కుటుంబమే) ఇస్తే చిగుళ్ళలో కొలాజెన్ కోత తగ్గింది. యాంటీబయాటిక్ కాబట్టి బాక్టీరియా చచ్చి తగ్గిందేమో అనుకోవచ్చు. కానీ ఆ ఎలుకల్లో కొన్ని అసలు సూక్ష్మజీవులే లేకుండా పెంచినవి. చంపడానికి అక్కడ ఏమీ లేదు! వాటిలోనూ తగ్గింది. నేను చదివిన మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన ప్రయోగం ఇదే. ఒక వేరియబుల్‌ని పూర్తిగా తీసేసి చూడటం అంటే ఇలా ఉండాలి. తర్వాత తేలిందేమిటంటే ఎంఎంపీలు పనిచేయడానికి జింక్ కావాలి, టెట్రాసైక్లిన్లకి లోహాల్ని పట్టేసుకునే గుణం ఉంది. ఆ దారిలో 20 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ 1998లో అమెరికాలో చిగుళ్ళ జబ్బుకి మందుగా అనుమతి పొందింది. బాక్టీరియాని ఏమీ చేయలేనంత చిన్న మోతాదు అది.

కంటివాళ్ళు ఈ రెండు పాయల్నీ కలిపారు. 1999, 2000 ప్రాంతంలో మయామీలో కన్నీళ్ళు సేకరించి చూస్తే, రెప్పలూ కళ్ళూ ఎర్రబడే రోసేషియా జబ్బు ఉన్నవాళ్ళలో ఎంఎంపీ-9 పని ఎక్కువగా ఉంది, డాక్సీసైక్లిన్ దాన్ని తగ్గిస్తోంది. 2005లో కొరియాలో 150 మంది ఎంజీడీ రోగుల్ని మూడు గుంపులు చేశారు. ఒకరికి 200 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఒకరికి 20 మిల్లీగ్రాములు రెండుసార్లు, ఒకరికి మందు లేదు. నెల తర్వాత చూస్తే మందు తీసుకున్న ఇద్దరిలోనూ మెరుగు, ఇద్దరికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. దుష్ఫలితాలు మాత్రం పెద్ద మోతాదులో ఎక్కువ. మోతాదు పదోవంతుకి తగ్గినా ఫలితం తగ్గలేదంటే అక్కడ జరుగుతున్నది బాక్టీరియాని చంపడం కాదనే నాకు అనిపిస్తోంది.

ఇక్కడితో ఆపేస్తే కథ చక్కగా ముగిసినట్టుంటుంది. కానీ 2016లో అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తాల్మాలజీ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కూర్చి చూసి, ఈ జబ్బుకి నోటి ద్వారా ఇచ్చే యాంటీబయాటిక్స్ విషయంలో మొదటి స్థాయి రుజువు లేదని తేల్చింది. పనిచేయదని కాదు, పనిచేస్తుందని గట్టిగా నిరూపించే పెద్ద ప్రయోగం జరగలేదని. ల్యాబులో ఎంజైమ్ తగ్గడం వేరు, ఏడాది తర్వాత నా కన్ను బాగుండటం వేరు. సిద్ధాంతం అందంగా ఉంది కదా అని నిరూపణ అయిపోయినట్టు కాదు, యూనిట్ టెస్టులు పాసయినంతమాత్రాన ప్రొడక్షన్‌లో నడుస్తుందని లేదు కదా.

ఇంకో లోటు ఉంది, అది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఇప్పటిదాకా చెప్పినవన్నీ విరగ్గొట్టే ఎంజైములు. అసలు ఆ నూనెని కట్టే ఎంజైముల సంగతి? దానికి దారి చూపించింది ఒక పిచ్చి ఎలుక. 1965లో గేట్స్, కరసెక్ అనేవాళ్ళు ఒంటిమీద జుట్టు సరిగ్గా లేని, చర్మంలో నూనె గ్రంథులే లేని ఎలుకల గురించి రాశారు. వాటికి పెట్టిన పేరు అసీబియా. కారణమైన జన్యువు 1999లో దొరికింది. అది ఎస్‌సీడీ-1 అనే ఎంజైమ్‌ది. అది చేసేది చాలా చిన్నపని, కొవ్వు ఆమ్లపు గొలుసు మధ్యలో ఒక్కచోట రెండు హైడ్రోజన్లు తీసేసి మెలిక పెట్టడం. ఆ ఒక్క మెలికతో 69 డిగ్రీల దగ్గర కరిగే స్టియరిక్ ఆమ్లం, 13 డిగ్రీలకే కరిగే ఓలిక్ ఆమ్లం అయిపోతుంది! రెప్ప మీద కరిగీ కరగనట్టు ఉండాల్సిన నూనెకి ఇంతకంటే ముఖ్యమైన పని ఏముంటుంది? 2001లో ఆ ఎంజైమ్ లేని ఎలుకల్ని చూస్తే రెప్పల్లో మెయిబోమియన్ గ్రంథులు చిక్కిపోయి ఉన్నాయి, మైనం, కొలెస్టరాల్ ఎస్టర్లు దాదాపు లేవు, కళ్ళు సగం మూసుకునే ఉంటున్నాయి.

అంతకు ఏడాది ముందు ఇంకో సంగతి జరిగింది. గుండె రక్తనాళాల్లో పూడిక తగ్గుతుందని, కొలెస్టరాల్‌ని ఎస్టర్‌గా మార్చే ఏక్యాట్-1 అనే ఎంజైమ్‌ని ఎలుకల్లో తీసేశారు. పూడిక నిజంగానే తగ్గింది. కానీ ఆ ఎలుకలకి కళ్ళు ఎండిపోయాయి. గుండె కోసం మీట నొక్కితే కంటిలో దీపం ఆరింది. ఆ మైనం ఎవరికోసమో తయారవుతున్నదని అప్పటిదాకా గుండెవాళ్ళకి తట్టి ఉండదు.

విరగ్గొట్టే ఎంజైమ్‌ని ఆపడం తేలిక, అడ్డం పడే అణువు ఒకటి దొరికితే చాలు. తగ్గిపోయిన కట్టే ఎంజైమ్‌ని మళ్ళీ సరైన పాళ్ళలో నడిపించడం అంత తేలిక కాదు. అందుకే డాక్టరుగారు నాకు క్యాప్సూల్ రాసినా, వేడిగుడ్డ గురించి రెండుసార్లు చెప్పారని ఇప్పుడు అర్థమైంది. గట్టిపడిన నూనె కరగాలంటే వేడి పెట్టాలి, తర్వాత రెప్పని మెల్లగా నొక్కాలి.

ఆరు వారాల కోర్సు గడిచింది. పొద్దున్న రెప్పలు అంటుకోవడం చాలావరకు పోయింది. అది క్యాప్సూల్ వల్లో, గుడ్డ వల్లో, రిలీజ్ అయిపోవడం వల్లో చెప్పలేను, మూడూ ఒకేసారి మార్చేశాను (మంచి ఇంజనీరు చేయకూడని పని). ఇది చదివి ఎవరూ డాక్సీసైక్లిన్ కొనుక్కుని మింగకండి. అది అందరికీ పడదు, గర్భిణులకీ చిన్నపిల్లలకీ సాధారణంగా ఇవ్వరు, ఎండకి చర్మం కందిపోతుంది, మింగి వెంటనే పడుకుంటే గొంతు దిగువన పుండు పడుతుంది.

అమ్మకి ఇదంతా ఫోన్లో అరగంట చెప్పాను. కప్పతోక దగ్గరికి వచ్చేసరికి "సరే గానీ భీమవరం ఆయన సంగతి ఇంకోసారి చెప్పు" అంది. వైద్యం చదివినవాళ్ళెవరైనా ఇటు వస్తే, పైన తప్పులుంటే దిద్దండి.